ఎక్టర్ మాలో: కుదింపు చదివితే ఏం పోతుంది?

ప్రశ్న: వీధి గాయకుడికి అమ్ముడుపోయిన రెమీ అనే పిల్లవాడి కథ చిన్నప్పుడు చదివాను. రాసిందెవరు? మా పాపకు ఏ ప్రతి కొనాలి? – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఎక్టర్ మాలో. 1830లో ఫ్రాన్స్‌లో, రువాఁ దగ్గరి లా బుయ్ అనే ఊళ్లో పుట్టి, లా చదివి, నవలల వైపు వచ్చాడు. మీరు చదివింది 1878 నాటి 'సాఁ ఫామీయ్'. ఇంగ్లిషులో 'నోబడీస్ బాయ్' పేరుతో దొరుకుతుంది.

కొనేముందు అధ్యాయాలు లెక్కపెట్టండి. మూలంలో మొదటి భాగానికి 21, రెండోదానికి 23. బాగా తక్కువుంటే అది కుదింపే. కుదించినప్పుడు కథ మిగులుతుంది గానీ, పని వివరం పోతుంది. ఈ రచయిత బలమంతా అందులోనే ఉంది. బొగ్గుగనిలోకి వరద వచ్చే ఘట్టమే చూడండి. రెమీ వాళ్లు పైకి పోయి మూసుకుపోయే ఇరుకు దారిలో చిక్కుకుంటారు. నీళ్లు అక్కడిదాకా ఎందుకు ఎక్కలేదు? గ్లాసు బోర్లించి బకెట్ నీళ్లలో ముంచండి, లోపలి గాలి నీటిని ఆపుతుంది. గనిలో ఒక ముసలి కార్మికుడు చెప్పేదీ ఇదే. పాపతో చేయించి, తర్వాత ఆ పేజీలు చదివించండి.

చదువు నేర్పే తీరూ ముచ్చటే: గాయకుడు విటాలిస్ చెక్కముక్కల మీద అక్షరాలు చెక్కుతాడు, రెమీ వాటిని జేబులో వేసుకుని తిరుగుతాడు.

తర్వాత 1893 నాటి 'ఆఁ ఫామీయ్' ఇవ్వండి. అందులో జనపనార ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల పెరీన్. ఆమె తండ్రి జనపనార కొనడానికి మన దేశం వచ్చినవాడు, తల్లి ఇక్కడి మనిషి. మీ ఊరి మిల్లుల్లో గోనెసంచులు చూసి పెరిగిన పిల్లకు ఆ ఫ్యాక్టరీ కొత్తగా అనిపించదు.