సున్నుండను విరిచి చూసిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

‘హిగురాషి నో నాకు కోరో ని’ అనే జపాను భయానక కంప్యూటర్ ఆటను గురించీ, దాన్ని కదిలే బొమ్మల సీరియల్‌గా తీసిన అనిమేను గురించీ నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే పదహారు పేజీల్లో తొమ్మిది చోట్ల “అనిమే ఆటకు న్యాయం చేయలేదు” అని తీర్పు చెప్పావు. పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. మన సినిమా సమీక్షల్లో నలిగి నలిగి రంగు పోయిన మాట అది. కథానాయకుడు పాత్రకు న్యాయం చేస్తాడు, ఛాయాగ్రాహకుడు లొకేషన్లకు న్యాయం చేస్తాడు, టికెట్టు కొన్నవాడికి తప్ప అందరికీ న్యాయం జరుగుతుంది. నేను సమీక్షలు రాసి పొట్టపోసుకున్న రోజుల్లో ఒక సంపాదకుడు నేను రాయని చోట కూడా ఆ మాటను ఇరికించి, దాని కింద నక్షత్రాలు అంటించి అచ్చువేసేవాడు. అది అతని ఒక్కడి జబ్బు అనుకున్నాను.

ఈ ఉత్తరం రాయించింది మాత్రం ఆ చిరాకు కాదు. పదకొండో పేజీలో, బ్రాకెట్ల మధ్య, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టుగా ఒక వాక్యం రాశావు: “ఆ రాత్రి హాస్టల్‌లో అమ్మ పంపిన సున్నుండను రెండుగా విరిచి, లోపల చూసుకుని, అప్పుడు తిన్నాను.” నేను అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు వసారాలో తిరిగి వచ్చాను. నీ వ్యాసం మొత్తంలో భయపడిన మనిషి కనిపించినది అక్కడే. మిగతా చోట్ల ఎవరో గుమాస్తా ఆటలో ఉన్నవీ అనిమేలో లేనివీ జాబితా కట్టి, ఎదురెదురుగా టిక్కులు పెడుతున్నాడు.

ఎందుకు విరిచి చూశావో పాఠకుడికి చెప్పనేలేదు కనుక, నేను చెప్పి చూస్తాను. 1983 జూన్ నెల, హినమిజావా అనే కొండపల్లె. గిఫు ప్రాంతంలోని షిరాకవా గ్రామాన్ని నమూనాగా పెట్టుకుని, అక్కడి ఫొటోలనే దృశ్యాల వెనుక తెరలుగా వాడుకున్న ఊరు అది. పట్నం నుంచి కొత్తగా వచ్చిన కేయిచికి, ‘వతనగాషి’ పండుగ రాత్రి ఏటా ఒకరు చనిపోతారనీ, ఇంకొకరు మాయమవుతారనీ తెలుస్తుంది. తెలిసిన క్షణం నుంచి స్నేహితుల నవ్వులు అతనికి వేరుగా వినిపిస్తాయి. ఒంట్లో బాగోలేదని బడి మానేసిన రోజున స్నేహితురాళ్ళు రేనా, మియోన్ అతని ఇంటికి వచ్చి ఒహాగి ఇచ్చి వెళతారు. జిగురు బియ్యపు ఉండను తీపి పప్పుముద్దతో కప్పి చేసే మిఠాయి అది. కేయిచి కొరుకుతాడు. నోట్లో సూది.

సూది ఉందని మనకు చెప్పినది ఎవరు? కేయిచి ఒక్కడే. ఎనిమిది భాగాల ఆటలో ఆ మొదటి భాగం, ‘ఒనికకుషి’, 2002 ఆగస్టులో, సొంతంగా అచ్చేసుకున్న బొమ్మల పుస్తకాలూ ఆటలూ అమ్ముకునే టోక్యో కామికెట్ సంతలో అమ్మకానికి వచ్చింది. ఆరో భాగం ‘త్సుమిహొరొబొషి’ వచ్చినది 2005 ఆగస్టులో. అప్పుడు తెలుస్తుంది, ఆ ఉండలో పెట్టినది సూది కాదనీ, ఆడపిల్లలు వేళాకోళానికి కలిపిన టబాస్కో కారమనీ. అతను ఇంజెక్షన్ సిరంజి అనుకున్నది బొమ్మలు గీసే మార్కరు పెన్ను. కథ చెప్పేవాడు అబద్ధమాడలేదు, నమ్మినదే చెప్పాడు. మనం అతని నమ్మకాన్ని సాక్ష్యమని తీసుకున్నాం.

ఇదీ నేను నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్న సంగతి: భయానక కథలో మాట ఎప్పుడూ ఎవరో ఒకరిది, బొమ్మ ఎవరిదీ కాదు. “సూది ఉంది” అన్న వాక్యానికి ఒక నోరు ఉంటుంది, ఆ నోటికి జ్వరం ఉండవచ్చు, పిచ్చి ఉండవచ్చు. తెర మీద సూదిని గీసిన మరుక్షణం అది అందరి కళ్ళ ముందూ ఉన్న వస్తువైపోతుంది. 2006లో అనిమే తీసిన స్టూడియో దీన్ వారు, చియాకి కోన్ దర్శకత్వంలో, ఆ సూదిని గీయక తప్పలేదు. అది అన్యాయం కాదు. ఆ మాధ్యమం కట్టవలసిన సుంకం. ఆ సుంకం ఎక్కడెక్కడ ఎంత కట్టారో చూడడం నీ పని. నువ్వు దానికి బదులు కత్తిరించిన సంభాషణల పట్టిక ఇచ్చావు.

నాకు ఈ సంగతి తెలియడానికి ఒక సీరియల్ ఖర్చయింది. వయసులో ఉన్నప్పుడు ఒక వారపత్రికలో పదమూడు వారాల దెయ్యం కథ రాశాను. అందులో చెప్పేవాడు రోజూ సాయంత్రం దిగుడుబావి మెట్ల మీద ఒక స్త్రీని చూస్తాడు. చివరి వారంలో అక్కడ ఎవరూ లేరనీ, ఉన్నదల్లా అతని నేరమేననీ తేలాలి. నాలుగో వారం సంచికలో చిత్రకారుడు ఆమెను గీశాడు. జడ, చీర అంచు, కాళ్ళ కడియాలతో సహా, అద్భుతంగా గీశాడు. వద్దని పత్రికాఫీసుకు పరుగెత్తితే, బొమ్మలో ఆడది లేకపోతే దెయ్యం కథ ఎవడు కొంటాడని సంపాదకుడు నవ్వాడు. ముగింపు వచ్చాక పాఠకుల కార్డులు వచ్చాయి. “లేదని ఎలా అంటారండీ, నాలుగో వారం బొమ్మలో ఉంది కదా?” అని ఒకరు, “మోసం” అని ఇంకొకరు. ఆ పత్రిక తరువాత రెండేళ్ళు నా కథ వేయలేదు. బొమ్మ గీయించినవాడు మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నాడు.

అందుకే మా మేనకోడలు సెలవుల్లో వచ్చి ఈ ఆటను నా కంప్యూటర్లో పెట్టి వెళ్ళినప్పుడు, ఒనికకుషి పూర్తిచేసి రాత్రి రెండింటిదాకా నిద్రపోలేకపోయాను. ఆట అన్నారని ఏమేం నొక్కాలో వెతికాను. నొక్కవలసినది ఒక్కటే, తరువాతి వాక్యం కోసం. దారి ఎంచుకునే పని లేదు. తెర నిండా అక్షరాలు, వెనుక మసకచేసిన ఫొటో, ముందు అరచేతులకు వేళ్ళు సరిగా రాని, రచయిత ర్యూకిషి07 తన చేత్తోనే గీసుకున్న బొమ్మలు. తొలి రూపంలో పాత్రలకు గొంతులు కూడా లేవు. ఇంత పేదరికంలో ఆ మనిషి భయాన్ని ఎక్కడ దాచాడో గమనించావా? నొక్కడానికీ నొక్కడానికీ మధ్య. ఆ కథల్లో మనిషి నడిచి ఆగిపోయాక వెనుక ఇంకొక అడుగు వినిపిస్తుంది. నువ్వు మౌస్ మీది వేలు ఎత్తేసినా వాక్యం అక్కడే నిలబడి ఎదురుచూస్తుంది, నీ వెనుక ఆగిన అడుగులాగే. అనిమేలో ఆ నిలుపు నీ చేతిలో ఉండదు. ఇరవై నాలుగు నిమిషాలకు బండి స్టేషన్‌కు చేరవలసిందే.

కాలం లెక్క కూడా వేయవలసింది. ఆటను వెంటబడి చదివినవాళ్ళు ఆ సూదిని మూడేళ్ళు గొంతులో పెట్టుకుని తిరిగారు. ఆరు నెలలకో ఏడాదికో ఒక భాగం వచ్చేది, మధ్యలో ఊహలూ వాదాలూ. 2006 ఏప్రిల్‌లో మొదలైన అనిమే ఒనికకుషిని నాలుగు ఎపిసోడ్లలో ముగించి, సెప్టెంబరులో ఇరవై ఆరో ఎపిసోడ్‌తో తెర దించేసింది. సూది అయిదు నెలల్లో కారమైంది. నువ్వు ఒకే వారాంతంలో చూశానన్నావు, అంటే నీకది ఒక రాత్రి సంగతి.

ముగింపు అసంపూర్ణమని నువ్వు పెట్టిన అభాండాన్ని మాత్రం కొట్టేయి. ఆటలో ఎనిమిదో భాగం ‘మత్సురిబయాషి’ 2006 ఆగస్టులోగాని వెలువడలేదు, అప్పటికి అనిమే సగం దాటి నడుస్తోంది. మిగిలిన కథను 2007లో ‘కై’ అనే రెండో అనిమే చెప్పింది. తేదీలు చూడకుండా తిట్టడం సులువు, నేనూ చేశాను.

నీ వ్యాసంలో నాకు అసలు అర్థం కానిది, 2020 నాటి ‘గౌ’ అనే అనిమేను నాలుగు పంక్తుల్లో దులిపేసి వెళ్ళడం. నేను దాన్ని తలకెత్తుకుంటాను. పాత కథనే మళ్ళీ గీస్తున్నామన్నట్టు అదే పేరుతో మొదటి భాగం ప్రసారం చేశారు. రెండో భాగంలో అసలు పేరు బయటపెట్టారు. చూస్తున్నది పాత కథ కాదు, దాని కొనసాగింపు. బొమ్మ సాక్ష్యమని ప్రేక్షకుడు నమ్ముతాడు కదా, ఆ నమ్మకాన్నే పట్టుకుని ఈసారి పేరు పలక చేత అబద్ధమాడించారు. కేయిచి నోటితో చేసిన పని, పద్ధెనిమిదేళ్ళ తరువాత అనిమే తన ఒంటితో చేసింది. ఆ తరువాతి భాగాలు సాగదీశారంటావా, ఒప్పుకుంటాను. కానీ ఆ రెండో భాగం చూసిన రాత్రి నేను మా ఆవిడను లేపి మరీ చెప్పాను. ఆవిడ తిట్టి పడుకుంది.

ఇంకొక మాట. ‘ముగింపు రహస్యం ఇదే’ అని చివర రెండు పేజీల వివరణ చేర్చావు. ఈమధ్య ఏ కథను ముట్టుకున్నా దానికి ఒక గైడు పుస్తకం రాయకపోతే ఎవరికీ అన్నం సయించడం లేదు. హినమిజావాలో జరిగినదానికి కారణం ఏమిటో తెలుసుకోవాలనుకున్నవాడు ఎనిమిది భాగాలూ చదువుకుంటాడు. ఆ రెండు పేజీలూ తీసెయ్యి. గొంతుల గురించి రాసినది ఉంచు, రేనాకు మాయి నకహారా ఇచ్చిన గొంతు “ఉసో దా!” (“అబద్ధం!”) అని విరుచుకుపడ్డప్పుడు, అంతవరకు నీ లోపల నువ్వే పలికిన రేనా చచ్చిపోయిందన్నావు. నిజం. అయితే దాన్ని “న్యాయం”తో ముగించావు, అది కొట్టేశాను.

మారుపేరు పెట్టుకోవాలా అని అడిగావు, ఏ పత్రికకు పంపాలని అడిగావు. అవి తరువాత చూద్దాం. వ్యాసాన్ని పదకొండో పేజీ నుంచి మొదలుపెట్టి, బ్రాకెట్లు తీసేసి మళ్ళీ రాసి పంపు. కాస్త పెద్ద అక్షరాల్లో, నా కళ్ళు మునుపటిలా లేవు. కారం సంగతి పాఠకుడికి ఏ పేజీలో చెబుతావో ముందే నిర్ణయించుకో. అన్నట్టు, సున్నుండను విరిచినప్పుడు లోపల నీకు ఏమి కనబడుతుందని అనుకున్నావు? అది ఎక్కడా రాయలేదు.

ఆశీస్సులతో,
నీ వ్యాసం మీద గీతలు పెట్టిన ముసలివాడు