రాజీనామాకు ముందు తొమ్మిది నెలల ఖర్చు చేతిలో ఉండాలి

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నాలుగేళ్ల ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాను. మూల వేతనం 26,000, చేతికి వచ్చేది 58,000 రూపాయలు. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. విశాఖపట్నంలో కళాశాల విద్యార్థుల మధ్య పూర్తికాల సువార్త పరిచర్యకు వెళ్లాలని నిర్ణయించుకున్నాం. పరిచర్య సంస్థ జీతం ఇవ్వదు, పోషణకు కావలసిన మద్దతును మేమే సమకూర్చుకోవాలి. నెలకు 34,000 చాలునని లెక్క వేసుకున్నాం. 24 మంది కలిసి 31,000 ఇస్తామని మాట ఇచ్చారు. వారిలో తొమ్మిది మంది ఇప్పటికే 11,500 పంపుతున్నారు. బ్యాంకులో 1.2 లక్షలు ఉన్నాయి. జీతం చీటీ చేతిలో ఉండగానే 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని వచ్చే నెల రాజీనామా చేస్తే, బండికీ ల్యాప్‌టాప్‌కూ మొదటి ఏడాది లోటుకూ సరిపోతుంది. లోన్ మేలా, నా భార్య బంగారం అమ్మడం మేలా?

జవాబు: రెండూ వద్దు. బంగారం జోలికి వెళ్లకండి, లోన్ ఆలోచనను ఇవాళే వదిలేయండి. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. పరిచర్యకు వెళ్లేవారే కాదు, స్వచ్ఛంద సంస్థల్లో చేరేవారు, సొంతంగా కన్సల్టెన్సీ పెట్టుకునేవారు కూడా ఇదే పొరపాటు చేస్తున్నారు. ఎవరో ఇస్తామన్న మాటను ఆదాయం కింద రాసుకుని, ఆ ఆదాయాన్ని నమ్ముకుని అప్పు చేస్తున్నారు.

4 లక్షలకు 15 శాతం వడ్డీతో నాలుగేళ్ల గడువు పెట్టుకుంటే నెల వాయిదా దాదాపు 11,130 రూపాయలు అవుతుంది. అంటే ఈ రోజు మీకు నిజంగా అందుతున్న 11,500 అంతా బ్యాంకుకే వెళ్లిపోతుంది. 24 మందీ మాట నిలబెట్టుకున్నా ఇంటికి మిగిలేది 20,000 లోపే. నాలుగేళ్లలో మీరు కట్టేది 5.34 లక్షలు. విద్యార్థుల పరిచర్య కోసమని కడుపు కట్టుకుని కానుక ఇచ్చినవారికి, అందులో మూడో వంతు వడ్డీకీ వాయిదాకూ పోతున్నదని మద్దతుదారులకు పంపే మీ ప్రార్థన లేఖలో రాయగలరా? పైగా వచ్చే నెల ఉండదని తెలిసిన జీతాన్ని చూపించి అప్పు తీసుకోవడం బ్యాంకుతో నిజాయితీగా వ్యవహరించడం కాదని, ఈ పని చేయబోయే మీకు వేరుగా చెప్పవలసిన అవసరం ఉండకూడదు.

ఇప్పుడు ఆ 31,000 సంగతి చూద్దాం. మూడు నెలలు వరుసగా డబ్బు పంపిన వ్యక్తిని మాత్రమే మద్దతుదారుగా లెక్కించండి, మిగిలినవారిని శ్రేయోభిలాషులుగా రాసుకోండి. వారిలో ఎంతమంది మీలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులో చూడండి. ఒకే రంగంలో ఉన్నవారికి కష్టం వస్తే ఒకేసారి వస్తుంది, ఉద్యోగాలు పోయే ఏడాదిలో మీ మద్దతు అంతా ఒకే త్రైమాసికంలో పడిపోతుంది. జూన్‌లో పిల్లల ఫీజులు కట్టేటప్పుడు మనసున్నవారు కూడా రెండు నెలలు ఆగుతారు. ఒక్కరే 5,000, 6,000 ఇస్తుంటే ఆ ఒక్కరి బదిలీ, ఆ ఒక్కరి అనారోగ్యం మీ ఇంటి సరుకుల మీద ప్రభావం చూపుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీరే జబ్బుపడి మూడు నెలలు ఎవరినీ కలవలేకపోతే ఉన్న మద్దతు కూడా కరుగుతుంది.

అందుకే నేను అందరికీ చెప్పి విసిగించే మాటనే మీకూ చెబుతున్నాను: అత్యవసర నిధి లేకుండా రాజీనామా లేఖ రాయకండి. జీతగాడికి ఆరు నెలల ఖర్చు చాలునంటాను, మద్దతు మీద బ్రతకబోయేవారికి తొమ్మిది నెలలది కావాలి. 34,000 చొప్పున అది 3.06 లక్షలు. పెద్ద మొత్తంగా కనిపిస్తుంది కాని, దారి మీ చేతిలోనే ఉంది. ఈ నెల నుంచే 34,000తో బ్రతకడం మొదలుపెట్టండి. బైబిలులో, ఐగుప్తులో యోసేపు సమృద్ధి ఏళ్లలో పంటలో ఐదో వంతు కొట్లకు చేర్పించిన సంగతి మీకు తెలిసిందే. మీరు ఐదో వంతుకు రెట్టింపు చేయగలరు. నెలకు 24,000 మిగిలితే ఎనిమిది నెలల్లో 1.92 లక్షలు, ఉన్న 1.2 లక్షలతో కలిపి 3.12 లక్షలు అవుతాయి. ఆ ఎనిమిది నెలల్లో మీ లెక్క నిజమో కాదో కూడా తేలిపోతుంది. నాలుగో నెలలోనే 34,000 చాలకపోతే, విశాఖలో కాక హైదరాబాద్‌లో జీతం ఉండగానే ఆ సంగతి తెలియడం మేలు. ఈ సొమ్ము మ్యూచువల్ ఫండ్లలోకీ చిట్టీలోకీ పోకూడదు, పొదుపు ఖాతాలోనూ ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్‌లోనూ ఉండాలి.

ఆగితే ఇంకొక లాభం ఉంది. నాలుగు నెలల్లో మీకు ఐదేళ్ల సర్వీసు పూర్తవుతుంది. ఆ తరువాత బయటికి వస్తే మీ మూల వేతనం మీద కనీసం 75,000 రూపాయల గ్రాట్యుటీ, అంటే దీర్ఘకాల సేవకు సంస్థ ఇచ్చే సొమ్ము, వస్తుంది. మీరు అప్పు చేసి కొనదలచిన ల్యాప్‌టాప్, సెకండ్ హ్యాండ్ బండి అందులోనే వస్తాయి. వచ్చే నెలే రాజీనామా చేస్తే దానిని వదులుకోవలసి రావచ్చు. పీఎఫ్‌ను ముట్టుకోకండి.

జీతం చీటీ ఉన్నప్పుడు తీసుకోవలసినది బీమా. టర్మ్ పాలసీ (మీరు చనిపోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే బీమా) ఎంతకు ఇవ్వాలో సంస్థలు ఆదాయ పత్రాలు చూసి నిర్ణయిస్తాయి. ఏడాది తరువాత ఇక్కడ కొంత, అక్కడ కొంతగా వచ్చిన కానుకల జాబితా చూపిస్తే 75 లక్షల పాలసీ దొరకడం కష్టం. ఈ నెలే తీసుకోండి, వృత్తి మారబోతున్న సంగతి అడిగితే దాచకుండా చెప్పండి. ఆరోగ్య బీమా ఇంకా తొందర పని. మీ కంపెనీ గ్రూపు బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ముగుస్తుంది. కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండవచ్చు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని ఇప్పుడే అడగండి, లేదా కుటుంబానికి 10 లక్షల పాలసీ విడిగా తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు కాబట్టి భారం కొంత తగ్గింది. ఈ రెండింటికీ కలిపి నెలకు 3,000 దాకా పక్కన పెట్టవలసి రావచ్చు. మీరు పంపిన 34,000 లెక్కలో ప్రీమియం గడి లేదు, నిధిని తిరిగి నింపే గడి కూడా లేదు. మద్దతుదారుల దగ్గరికి వెళ్లేటప్పుడు 40,000 అడగండి. బీమా కోసం అడగడం విశ్వాసలోపమని మొహమాటపడకండి. ఆసుపత్రి బిల్లు కోసం సంఘంలో కానుకలు పట్టించడం ఇంతకంటే సులభం కాదు.

డబ్బు ఎవరి ఖాతాలోకి వస్తుందో కూడా తేల్చుకోండి. సొంత పోషణను తామే సమకూర్చుకునే ఈ పద్ధతిని క్యాంపస్ పరిచర్యలో బాగా వ్యాప్తి చేసినవాటిలో ఒకటి, 1951లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో బిల్ బ్రైట్ మొదలుపెట్టిన క్యాంపస్ క్రూసేడ్ సంస్థ. అక్కడ కానుక సంస్థకు వెళ్తుంది, కార్యకర్తకు సంస్థ జీతంగా ఇస్తుంది. మన దగ్గర మాత్రం చాలామంది ఫోన్ పే నంబరు ఇచ్చేసి ఊరుకుంటారు. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చే కానుకలు 50,000 దాటితే మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది. చిన్నాన్న ఇస్తే బంధువు ఇచ్చినట్టే గాని, చిన్నాన్న కొడుకు ఇస్తే చట్టం దృష్టిలో కాదు. మీ స్థాయి ఆదాయానికి చివరికి పన్ను పడకపోవచ్చు, రిటర్నులు మాత్రం ఏటా వేయండి. సంస్థ ద్వారా వస్తే కార్యాలయ ఖర్చులకు ఎంత మినహాయిస్తారో అడగండి: 10 శాతమైనా 31,000 కాస్తా 27,900 అవుతుంది.

మీ 24 మందిలో అమెరికాలో ఉన్న స్నేహితులు ఉంటే పాస్‌పోర్టు సంగతి అడగండి. భారత పౌరసత్వం ఉన్నవారు అక్కడి తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. అటువంటి సొమ్మును మీ సొంత ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా రానివ్వకండి. పరిచర్య సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకపోతే, ఆ స్నేహితుడి పేరును జాబితా నుంచి తీసేసి మళ్లీ కూడిక వేసుకోండి.