ట్యాక్స్ హేవెన్లు (పన్ను నామమాత్రంగా ఉండే దేశాలు) చట్టప్రకారమే నడుస్తున్నప్పుడు వాటి మీద ఇంత గొడవ దేనికి?

మీరు అడిగింది ఇది: "నేను ఎల్ఐసీ, పీపీఎఫ్ చూపించి 80సీ కింద పన్ను తగ్గించుకుంటాను. పెద్ద కంపెనీ మారిషస్‌లోనో ఐర్లాండ్‌లోనో ఇంకో కంపెనీ పెట్టి తగ్గించుకుంటుంది. రెండూ చట్టం ఒప్పుకున్నవే. నాది పొదుపు, వాళ్లది మోసం ఎలా అయింది? ఆ లెక్కన దుబాయ్‌లో పన్నే కట్టని మా అన్నయ్య కూడా దొంగేనా?"

మోసం అని నేనూ అనను. అందులో ఎక్కువ భాగం మోసం కాదు. అలాగని రెండూ ఒకటే అంటే మాత్రం ఒప్పుకోను. 80సీలో ఏమేం ఉండాలో, లక్షన్నర దాటకూడదని కూడా పార్లమెంటే రాసిపెట్టింది. అందులోంచి మనం ఏరుకుంటాం, అంతే. పెద్ద కంపెనీ విషయంలో లాభం ఏ దేశంలో తేలాలన్నదే వాళ్ల చేతిలో ఉంటుంది. అలా తేల్చుకున్నదానికి తగ్గట్టు కాగితాలు తయారుచేయడం కొన్నేళ్లు నా ఉద్యోగం కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక ఆడిట్ సంస్థలో ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ చూసేవాడిని. పేరు బెదరగొట్టేలా ఉంటుంది గానీ సంగతి సులువే. ఒకే గ్రూపులోని రెండు కంపెనీలు ఒకదానికొకటి సరుకో సేవో అమ్ముకుంటే, బయటివాళ్లయితే ఎంతకు అమ్మేవారో ఆ ధరే వేసుకోవాలి. మన దగ్గర ఈ నిబంధనలు 2001లో వచ్చాయి. దీనికోసం అప్పట్లో ఏటా 3సీఈబీ అనే ఫారం, దాని వెనక లావుపాటి రిపోర్టు ఇచ్చేవాళ్లం.

ఆ రిపోర్టుకు ముందు 'ఫార్ ఇంటర్వ్యూ' అని ఒకటి ఉంటుంది. ఈ యూనిట్ ఏం పని చేస్తోంది, దాని ఆస్తులేమిటి, రిస్కు ఎవరిది అని అక్కడి మనుషుల్నే కూర్చోబెట్టి అడుగుతాం. మాదాపూర్‌లో ఒక విదేశీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసులో ఇంజినీరింగ్ మేనేజర్ ఒకాయన మార్కర్ తీసుకుని బోర్డు నిండా డబ్బాలు గీసి, "ఈ మాడ్యూల్ ఐడియా కూడా మా టీమ్‌దేనండీ, అమెరికా వాళ్లకు డెమో ఇచ్చాకే ఓకే అన్నారు" అని ఎంతో హుషారుగా చెప్పుకొచ్చాడు. పక్కనున్న ఫైనాన్స్ హెడ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన మెల్లిగా కలగజేసుకుని, "అంటే... వాళ్ల సూచనల మేరకే చేశారు కదా?" అన్నాడు. మేనేజర్‌కి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. మాకు అర్థమైంది. రిపోర్టులో ఆ యూనిట్ 'మాతృసంస్థ ఆదేశాల మేరకు పనిచేసే, రిస్కు లేని సర్వీస్ ప్రొవైడర్' అయింది.

అబద్ధమా అంటే కాదు. కాంట్రాక్టులో ఉన్నది అదే. కోడ్ మీద హక్కులు విదేశీ కంపెనీవి, ప్రాజెక్టు బోల్తా కొడితే నష్టమూ దానిదే. కాబట్టి ఇక్కడ వంద రూపాయలు ఖర్చయితే దాని మీద పదిహేనో పదిహేడో కలిపి బిల్లు వేస్తారు. మన ఖజానాకు పన్ను ఆ పదిహేను మీద. ప్రపంచమంతా అమ్మితే వచ్చిన లాభం హక్కుల పత్రం ఏ దేశంలో ఉంటే ఆ దేశంలో తేలుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఊరుకుంటారా? ఊరుకోరు. మూడొందల మంది ఉన్న యూనిట్ పక్కన ఇన్ఫోసిస్‌ను తెచ్చి నిలబెట్టి "వాళ్లకంత మార్జిన్ (ఖర్చు మీద మిగిలే లాభం) వస్తే మీకెందుకు రాదు?" అనేవారు. ట్రిబ్యునళ్లు ఆ పోలికను చాలా కేసుల్లో కొట్టేశాయి. ఏళ్లకేళ్లు నడిచిన ఆ పోట్లాటంతా మార్జిన్ పదిహేనా ఇరవై రెండా అని. పైనున్న అసలు లాభం జోలికి అందులో ఎవరూ పోలేదు.

ఆ పైలాభం ఎక్కడికి పోతుందో యాపిల్ కేసులో బయటపడింది. 2014లో యూరప్ లాభాల మీద ఆ గ్రూపు ఐర్లాండ్ కంపెనీ కట్టిన పన్ను 0.005 శాతమని యూరోపియన్ కమిషన్ లెక్క తేల్చింది. పది లక్షలకు యాభై రూపాయలన్నమాట. 1,300 కోట్ల యూరోలు వసూలు చేయమని 2016లో ఆదేశిస్తే, ఆ డబ్బు మాకొద్దని ఐర్లాండ్ ప్రభుత్వమే కోర్టుకెళ్లింది! 2024 సెప్టెంబరులో యూరప్ అత్యున్నత కోర్టు కట్టాల్సిందేనని తేల్చింది.

మన మారిషస్ కథ ఇంకా పాతది. రెండు దేశాల మధ్య 1982లో కుదిరిన పన్ను ఒప్పందం ప్రకారం మారిషస్ కంపెనీ ఇక్కడ షేర్లు అమ్ముకుంటే లాభం మీద పన్ను వేసే హక్కు మారిషస్‌దే. మారిషస్‌లో ఆ పన్నే లేదు. ఇంకేముంది, రెండు చోట్లా సున్నా. 2003లో సుప్రీంకోర్టు కూడా ఇది చెల్లుతుందంది. చివరికి 2016లో ఒప్పందం సవరించి, 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్లకు ఇక్కడే పన్ను పెట్టారు. ఆ తర్వాత 2018-19కల్లా విదేశీ పెట్టుబడుల పట్టికలో మారిషస్‌ను దాటి సింగపూర్ పైకొచ్చింది.

అన్నీ ద్వీపాల లీలలే అనుకోకండి. హెపటైటిస్-బి టీకా చేసిన మన శాంతా బయోటెక్నిక్స్ 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి పోయినప్పుడు, చేతులు మారినవి హైదరాబాద్ కంపెనీ షేర్లు కావు. వాటిని పట్టుకుని ఉన్న 'షాన్‌హెచ్' అనే ఫ్రెంచి కంపెనీ షేర్లు. మన వాళ్లు పన్నడిగారు. 2013లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పందం ప్రకారం ఆ హక్కు ఫ్రాన్స్‌దేనని తీర్పిచ్చింది. ఫ్రాన్స్‌ను ఎవరూ ట్యాక్స్ హేవెన్ అనరు. ఫ్యాక్టరీ మేడ్చల్‌లో, పన్ను హక్కు పారిస్‌కు. ఒప్పందం రాసుకున్న తీరే అంత.

ప్రభుత్వాలు కడిగిన ముత్యాలేం కావు. వొడాఫోన్ కేసులో ఇక్కడి టెలికాం వ్యాపారాన్ని చేతిలో పెట్టుకున్న కేమన్ దీవుల కంపెనీ అమ్మకం మీద పన్ను కుదరదని 2012 జనవరిలో సుప్రీంకోర్టు చెబితే, కొద్ది నెలల్లోనే పాత తేదీల నుంచి వర్తించేలా చట్టం మార్చేశారు. 2021లో దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పన్ను న్యాయంగా ఉండాలన్న నాకే ఆ పని మింగుడుపడలేదు.

ఇప్పుడు అందరూ చెప్పే మందు 15 శాతం కనీస పన్ను. 2021 అక్టోబరులో 136 దేశాలు ఒప్పుకున్నాయి. ఏడాదికి 75 కోట్ల యూరోల టర్నోవర్ దాటిన గ్రూపులకు వర్తిస్తుంది. ఐర్లాండ్ కూడా 2024 నుంచి, 15 శాతానికి ఎంత తగ్గితే ఆ తేడాను తనే వసూలు చేసుకుంటోంది. గమనించారా, పెరిగిన పన్ను కూడా ఐర్లాండ్‌కే. మాదాపూర్ యూనిట్ లెక్క మళ్లీ ఆ పదిహేను రూపాయల దగ్గరే. నన్నడిగితే పన్ను తగ్గించడంలో దేశాల మధ్య ఉన్న పోటీని అదుపు చేయడానికి ఇది పనికొస్తుంది గానీ, పని ఎక్కడ జరిగిందో, సరుకు ఎక్కడ అమ్ముడైందో చూసి లాభాన్ని దేశాల మధ్య పంచే సూత్రం రాకుండా మనకు దక్కేది తక్కువ. ఈలోగా జీతగాడి పన్ను మాత్రం టీడీఎస్ రూపంలో చేతికి రాకముందే పోతుంది. లాభంలా జీతాన్ని డబ్లిన్‌లో పెట్టలేం కదా.

మీ అన్నయ్య సంగతికొస్తే, దొంగేం కాదు. మనిషి అక్కడే ఉన్నాడు, పని అక్కడే చేస్తున్నాడు, ఆ దేశం జీతం మీద పన్ను వేయదు. ఇక్కడ ఇంటి అద్దె వస్తుంటే దానికి ఇక్కడి పన్ను తప్పదు. ఎన్ఆర్ఓ డిపాజిట్ (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయాన్ని దాచుకునేది) ఉంటే బ్యాంకు వడ్డీలో 30 శాతం, పైన సెస్సు కోస్తుంది. యూఏఈతో మనకున్న ఒప్పందంలో ఆ వడ్డీకి పరిమితి 12.5 శాతం. పన్ను లెక్కలో తను అక్కడి నివాసేనని చెప్పే ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్, దాంతోపాటు ఉండాల్సిన ఫారం బ్యాంకుకు ఇస్తేనే ఆ రేటు వేస్తారు. చాలామంది గల్ఫ్ వాళ్లు ఇవి ఇవ్వరు. ఒకసారి అడిగి చూడండి.