ఆయాసం పేషెంటును మంచం దింపేటప్పుడు

అమ్మా సునీతా,

ఊపిరితిత్తుల వార్డులో ఫిజియోథెరపిస్టుగా చేరావని తెలిసి సంతోషం. అక్కడ నీ చేతికి ఎక్కువగా వచ్చేది సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై ఏళ్ళ తరబడి ఆయాసం పెట్టే జబ్బు, ఉన్న పేషెంట్లే. చుట్టలూ బీడీలూ కాల్చిన మగవాళ్ళు, ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళు. ఆయాసం ముదిరి చేరతారు, ఇక మంచం దిగరు. "కదిలితే ఎగపోస్తోందమ్మా" అంటారు. ఇంటివాళ్ళూ కదలనివ్వరు. ఆ భయాన్ని కసురుకోకు, అలాగని ఒప్పుకోకు. ఆయాసం మందులకు తగ్గుతుంది గానీ, మంచం మీద తొడ కండ కరిగిపోతూనే ఉంటుంది, స్టెరాయిడ్లు దాన్ని ఇంకా బలహీనం చేస్తాయి. ఊపిరి కుదుటపడ్డాక కూడా బాత్రూము దాకా వెళ్ళలేకపోతున్నారంటే చాలాసార్లు కారణం కాళ్ళే.

అలాగని చేరీ చేరగానే తరమకు. 2014లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధనలో, చేరిన 48 గంటల్లోపే వ్యాయామం మొదలుపెట్టిన బృందంలో తిరిగి ఆసుపత్రిపాలవడం తగ్గలేదు, పైగా ఏడాదిలోపు మరణాలు ఎక్కువ కనిపించాయి. కారణం తేలలేదు. కానీ మొదటి రోజుల్లో పోటీపడి నడిపించకూడదని మాత్రం నేను దాన్నుంచి తీసుకున్నాను. లేచి కూర్చోవడం, కుర్చీలో భోజనం చేయడం తొలిరోజు నుంచే సరే. నడక మాత్రం మనిషి తెలివిగా ఉండి, ఆగకుండా ఒక వాక్యం మాట్లాడగలిగి, కూర్చున్నప్పుడు నాడి 120 లోపు ఉన్నాకే.

లేపేముందు నెబ్యులైజర్ అయి 15, 20 నిమిషాలు గడవనీ. దాని మందుకు నాడి పెరుగుతుంది, అందుకని చూసుకున్నాకే కదిలించు. కళ్ళె ఉంటే ముందే దగ్గించి తీయించు. భోజనమయ్యాక గంటసేపు వద్దు, నిండిన పొట్ట ఊపిరికి అడ్డం. ఆక్సిమీటరు పెట్టే వేలు చల్లగా ఉంటే రుద్ది వేడిచెయ్యి. గోరింటాకు ముదురుగా పండిన వేలు వద్దు, అంకె నమ్మలేం.

ఆక్సిజన్ సంగతి జాగ్రత్త. ఈ పేషెంట్లకు మామూలుగా ఆక్సిమీటరులో అంకె 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలంటారు. నడిచేటప్పుడు ఎన్ని లీటర్లో డాక్టరుగారి చేత కేసుషీటులో రాయించుకో. అంకె పడిపోయిందని కంగారులో నువ్వే నాబు తిప్పేయకు. కొందరిలో ఆక్సిజన్ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తలనొప్పి, మగత వస్తాయి. 88 కిందికి జారితే కూర్చోబెట్టు, 2 నిమిషాల్లో పైకి రాకపోతే సిస్టర్‌ని పిలువు. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, మాట తడబడటం ఉంటే ఆ రెండు నిమిషాలూ ఆగొద్దు.

ఇక నడక. పాదాలు నేలకు ఆనేటట్టు మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టు. ముక్కుతో 2 లెక్కపెట్టేదాకా పీల్చి, వేడి టీ మీద ఊదినట్టు పెదవులు ముడిచి 4 లెక్కపెట్టేదాకా వదలమను. పైకి లేచేది ఊపిరి వదులుతూనే. చాలామంది లేచేటప్పుడు ఊపిరి బిగబడతారు, ఆయాసం అక్కడే మొదలవుతుంది. చంకల కింద చేతులేసి లాగవద్దని అటెండెంటుకు గట్టిగా చెప్పు. చేతులున్న కుర్చీలోంచి 5 సార్లు లేపి కూర్చోబెట్టడమే మొదటి పాఠం. కుర్చీ మరీ పల్లంగా ఉంటే దిండు వెయ్యి.

వరండాలో పది మీటర్లకో కుర్చీ వేయించు. చక్రాల వాకరు దొరికితే మంచిది. చేతులు దాని మీద ఆనితే భుజాల కండరాలు ఊపిరికి సాయపడతాయి. నడుస్తూ మాట్లాడించకు. ఆపినప్పుడే "ఆయాసం సున్నాకీ పదికీ మధ్య ఎంత?" అని అడుగు. 3, 4 అంటే సరైన దారిలోనే ఉన్నావు, 6 దాటితే ఎక్కువైనట్టు. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగి కూర్చుంటే తొందరగా తేరుకుంటారు. రోజుకోసారి 20 నిమిషాలు ఈడ్చి రిజిస్టరు నింపడం కన్నా, రెండేసి నిమిషాలు అయిదారుసార్లు నడిపించడం నా లెక్కలో మేలు. ఊపిరి పీల్చి బంతులు లేపే మూడు బంతుల స్పైరోమీటరు చేయించి నడక అయిపోయిందనుకోవడం కూడా వద్దు.

స్నానం, దొడ్డి దగ్గరే చాలామంది కూలబడతారు. గొంతుకూర్చుంటే పొట్ట పైకి నొక్కి ఊపిరాడదు, కమోడ్ కుర్చీ అడుగు. చేతులు పైకెత్తి తల దువ్వుకున్నా ఆయాసమే. మోచేతులు బల్ల మీద ఆనించి చేసుకోవడం, స్టూలు మీద కూర్చుని స్నానం చేయడం నేర్పు. ఆక్సిజన్ గొట్టం కాళ్ళకు చుట్టుకోకుండా, చెప్పులు వదులుగా లేకుండా చూడు.

డిశ్చార్జి రోజున ఎన్ని మీటర్లు, ఎన్నిసార్లు ఆగి నడిచారో కాగితం మీద తెలుగులో రాసివ్వు, ఇంట్లో అక్కడినుంచే మొదలుపెడతారు. పల్మనరీ రీహాబ్, అంటే ఊపిరితిత్తుల రోగులకు వ్యాయామం నేర్పే శిక్షణ, ఉన్న చోటుకు 4 వారాల్లోపు వెళ్ళేటట్టు తేదీ రాయించు. దగ్గర్లో లేకపోతే కుర్చీ వ్యాయామం, వసారాలో నడక ఇంటివాళ్ళకు చేసి చూపించి, వాళ్ళ చేత ఒకసారి చేయించాకే పంపు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ