నది ఒడ్డు హోటలే తీసుకోండి, నది కనిపించే గది మాత్రం వద్దు

ప్రశ్న: నేను ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాను. వయసు 63, ఊరు రాజమహేంద్రవరం. మా అమ్మాయి ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్‌లో నర్సు. ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి అద్దె ఇంట్లో ఉంటోంది కాబట్టి మాకు అక్కడ చోటు లేదు. జూలైలో నేనూ మా ఆవిడా వెళ్లి 14 రాత్రులు ఉండి రావాలనుకుంటున్నాం. విమానం టికెట్లు అమ్మాయి తీస్తానంది, మిగతా ఖర్చంతా నాది. ఊరి మధ్యలో నది ఒడ్డున ఒక బడ్జెట్ హోటల్ చూశాం. రద్దు చేసుకుంటే పైసా తిరిగిరాని రేటు రాత్రికి 62 పౌండ్లు, రద్దు చేసుకునే వీలున్న రేటు 76. నది వైపు గదికి ఇంకో 10 పౌండ్లు. బైపాస్ మీద మరో హోటల్ 51కే వస్తోంది. మా ఆవిడకి నది ఒడ్డు కావాలి, నాకు డబ్బు మిగలాలి. హోటల్ బుకింగ్ జత చేయకపోతే వీసా రాదని ఏజెంటు అంటున్నాడు. సీనియర్ సిటిజన్స్ స్కీములో 10 లక్షలు, బ్యాంకులో 5 లక్షలు, 3 లక్షలు చొప్పున రెండు ఎఫ్‌డీలు ఉన్నాయి. 3 లక్షలది నవంబరులో మెచ్యూర్ అవుతుంది. అమ్మాయి నెలనెలా పంపే 30 వేలు ముట్టుకోకుండా వేరే ఖాతాలో దాస్తున్నాను. 5 లక్షల ఎఫ్‌డీ తీసేసి ఖాతాలో బ్యాలెన్స్ చూపించమంటారా? మొత్తం ఖర్చు 3 లక్షలు దాటకూడదు.

జవాబు: ముందుగా ఏజెంటు మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మీ టెన్షన్‌లో సగం దానివల్లే వచ్చింది. విజిటర్ వీసాకు హోటల్ బుకింగ్ జత చేయాలన్న నిబంధన లేదు. ఏ పత్రాలు పంపాలో, ఏవి పంపక్కర్లేదో బ్రిటన్ ప్రభుత్వమే ఒక గైడ్‌లో రాసిపెట్టింది. పంపక్కర్లేని వాటిలో హోటల్ బుకింగులు ఉన్నాయి, విమానం బుకింగులూ ఉన్నాయి. ఎక్కడ ఉంటారని ఫారంలో అడిగిన చోట మీరు అనుకుంటున్న హోటల్ చిరునామా రాస్తే సరిపోతుంది. ‘డమ్మీ బుకింగ్ చేసిస్తాను’ అని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకండి. దరఖాస్తులో మోసం చేశారని తేలితే వీసా నిరాకరించడంతో ఆగరు, పదేళ్ల దాకా మళ్లీ రానివ్వకుండా చేసే అధికారం వాళ్లకుంది. కూతురు ఆ దేశంలో ఉన్న మీకు అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి లేదు.

5 లక్షల ఎఫ్‌డీ జోలికి కూడా వెళ్లకండి. ఎఫ్‌డీ రసీదును మీ డబ్బుకు రుజువుగా నేరుగా చూపించవచ్చు. దాన్ని విరగ్గొట్టి పొదుపు ఖాతాలో వేస్తే, దరఖాస్తుకు ముందు హఠాత్తుగా 5 లక్షలు ఎక్కడినుంచి వచ్చిపడ్డాయా అన్న అనుమానం వస్తుంది. మీకు నష్టం ఉంది, వీసాకు మేలూ లేదు. ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో పెన్షన్ జమ, స్కీము వడ్డీ, అమ్మాయి పంపే డబ్బు ఎప్పటిలాగే కనిపించాలి. ఆ స్టేట్‌మెంట్, రెండు ఎఫ్‌డీ రసీదులు, స్కీము పాస్‌బుక్ కలిపితే మీ పరిస్థితి ఏమిటో వాళ్లకు స్పష్టంగా తెలుస్తుంది.

ఇక హోటల్. మీకు నచ్చకపోవచ్చు గానీ, ఈ విషయంలో నా ఓటు మీ శ్రీమతి గారికే. 51 పౌండ్ల గదికీ 62 పౌండ్ల గదికీ 14 రాత్రులకు వచ్చే తేడా 154 పౌండ్లు. పౌండ్ 120 రూపాయలు అనుకుంటే 18,480 రూపాయలు. ఇది కాగితం మీద మిగులు. బైపాస్ హోటల్ నుంచి అమ్మాయి దగ్గరికి రోజూ వెళ్లి రావాలి కదా. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఒక్కో బస్సు ప్రయాణానికి టికెట్ 3 పౌండ్లు మించకుండా పరిమితి పెట్టారు. ఇద్దరికి రానూపోనూ 12 పౌండ్లు. 14 రోజులకు 168. మీరు మిగిల్చిన 154 అక్కడే అయిపోయాయి. రోజంతా చెల్లే టికెట్ తీసుకుంటే కొంత తగ్గుతుంది, కాదనను. కానీ అమ్మాయి డ్యూటీ దిగేసరికి రాత్రి అవుతుంది. అక్కడ నర్సులకు పన్నెండు గంటల షిఫ్టులు మామూలే. ఆదివారాలూ, రాత్రి పొద్దుపోయాకా బస్సులు పలచబడతాయి, అప్పుడు టాక్సీ తప్పదు. ఊరి మధ్యలో ఉంటే తను షిఫ్టు నుంచి వస్తూ ఒక అరగంట మీ దగ్గర కూర్చుని వెళ్లగలదు. మీరు అంత దూరం వెళ్తున్నదే ఆ అరగంటల కోసం.

అయితే నది వైపు గదికి రాత్రికి 10 పౌండ్లు, అంటే మొత్తం 16,800 రూపాయలు పెట్టొద్దని మీ శ్రీమతి గారికి నా మాటగా చెప్పండి. బెడ్‌ఫర్డ్‌లో పారే నది పేరు గ్రేట్ ఊజ్. గోదావరిని చూసిన కళ్లకు అది ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువంత కనిపిస్తుంది. కానీ ఒడ్డు వెంట ఎంబాంక్‌మెంట్ అని చెట్ల నీడన చక్కటి నడక దారి ఉంది. 1888లో కట్టిన చిన్న వేలాడే వంతెన ఉంది, దాని మీదుగా నడిచి అవతలి ఒడ్డుకు వెళ్లవచ్చు. నీళ్లలో హంసలు, తెడ్లు వేస్తూ సాధన చేసే పడవల క్లబ్బుల పిల్లలు కనిపిస్తారు. ఇదంతా ఉచితం. జూలైలో అక్కడ రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దుగూకదు. భోంచేసి ఎనిమిదింటికి బయల్దేరినా వెలుతురులోనే గంటసేపు తిరిగి రావచ్చు. గదిలో మీరుండేది నిద్రపోయే వేళలోనే, అప్పుడు కర్టెన్ వేసే ఉంటుంది. పైగా బడ్జెట్ హోటళ్లలో చాలాచోట్ల కిటికీ భద్రత కోసం కొద్దిగానే తెరుచుకుంటుంది. ఏసీ ఉందో లేదో మాత్రం అడగండి, ఎండాకాలంలో దానికి విలువ ఉంది.

ఇప్పుడు అసలు లెక్క. తిరిగిరాని రేటులో 14 రాత్రులకు 868 పౌండ్లు, అంటే 1,04,160 రూపాయలు. రద్దు చేసుకోగలిగే రేటులో 1,064 పౌండ్లు, అంటే 1,27,680. తేడా 23,520. చూడగానే పెద్ద మొత్తమే. కానీ 868 పౌండ్లు కట్టాక ప్రయాణం ఆగిపోతే మొత్తం లక్షా నాలుగు వేలూ పోతాయి. రెండిటినీ తూకం వేస్తే, ప్రయాణం ఆగిపోయే అవకాశం నూటికి 18 పాళ్లు దాటితే ఖరీదైన రేటే లాభం. మీ విషయంలో వీసాకు ఇంకా దరఖాస్తే చేయలేదు. అమ్మాయికి సెలవు ఖరారైందని కూడా మీరు రాయలేదు. ఆసుపత్రి రోస్టరు మారితే తేదీలు జరపాల్సి వస్తుంది. ఇన్ని తేలకుండా ఉన్నప్పుడు 18 పాళ్లు ఎప్పుడో దాటేసినట్టే.

కాబట్టి ఈ వారమే 76 పౌండ్ల రేటుకు గది పట్టుకోండి. పట్టుకునే ముందు రెండు సంగతులు చూసుకోండి. డబ్బు ఇప్పుడే తీసుకుంటారా, వెళ్లాకా? ఏ రోజు, ఎన్ని గంటల దాకా రద్దు చేసుకోవచ్చు? వీసా స్టిక్కరో ఈ-వీసానో వచ్చి, అమ్మాయి సెలవు కాగితం మీదికి వచ్చాక ఒకసారి మళ్లీ అదే హోటల్ రేట్లు చూడండి. తిరిగిరాని రేటు అప్పటికీ అరవై ఐదు లోపే ఉంటే ముందు కొత్తది బుక్ చేసి, ఆ తర్వాత పాతది రద్దు చేయండి. ఈ వరుస తప్పొద్దు. రేటు పెరిగిపోయి ఉంటే మీ చేతిలో 76 ఎలాగూ ఉంది. ఈ హోటళ్లు విమానం టికెట్ల మాదిరిగానే గిరాకీని బట్టి రోజూ రేటు మారుస్తాయి. ఆదివారం రాత్రి తరచూ చవక. పండగలూ పోటీలూ ఉన్న రోజుల్లో ఒక్కసారిగా పెరుగుతుంది. బెడ్‌ఫర్డ్‌లో రెండేళ్లకోసారి జూలైలో రివర్ ఫెస్టివల్ జరుగుతుంది, జనం విపరీతంగా వస్తారు. మీ తేదీల్లో ఆ శని ఆదివారాలు పడుతున్నాయేమో అమ్మాయిని కనుక్కోమనండి.

ప్రయాణం చలికాలానికి వాయిదా పడితే మాత్రం చివరిదాకా రద్దు చేసుకోగలిగే రేటే ఉంచుకోండి. 2020లో సరిగ్గా క్రిస్మస్ ముందు ఈ నది పొంగి, ఒడ్డు వెంట ఉన్న సుమారు 1,300 ఇళ్లవాళ్లను ఖాళీ చేయమన్నారు.

డబ్బు ఎలా కట్టాలి? మీ ఇండియా క్రెడిట్ కార్డుతో వద్దు. చాలా కార్డులు విదేశీ కరెన్సీ మీద మూడున్నర శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. 1,27,680 మీద అది దాదాపు 5,270 రూపాయలు. అమ్మాయికి అక్కడ ఖాతా ఉంది కాబట్టి హోటల్ డబ్బు తన కార్డుతో పౌండ్లలోనే కట్టమనండి. బదులుగా నాలుగు నెలల పాటు ఇంటికి 30 వేలు పంపడం ఆపమనండి. పౌండ్లను రూపాయలు చేసి ఇక్కడికి పంపడం, ఆ రూపాయలను మళ్లీ పౌండ్లు చేసి అక్కడ కట్టడం, రెండుసార్లూ మధ్యలో బ్యాంకుకు కమీషన్ ఎందుకు?

‘ఖర్చు నాదే’ అని మీరు గట్టిగా రాశారు. ఆ మాటకు నాకు చాలా గౌరవం ఉంది, దాన్ని నిలబెట్టుకునే దారి కూడా ఉంది. అమ్మాయి డబ్బు దాస్తున్న ఖాతాలో, తను పంపని లక్షా ఇరవై వేలూ మీరు మీ డబ్బుతో నింపండి. సీనియర్ సిటిజన్స్ స్కీములో 10 లక్షలకు 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 20,500 వస్తుంది. ముందు దాన్ని అందులో వేస్తూ రండి. నవంబరులో 3 లక్షల ఎఫ్‌డీ చేతికి రాగానే మిగతాది కలపండి. హోటల్ ఖర్చు మీదే అవుతుంది, తన పొదుపు తనకే ఉంటుంది.

వీసా దరఖాస్తులో మాత్రం జరిగేది జరిగినట్టు రాయండి. టికెట్లు, హోటల్ అమ్మాయి కడుతోందని, మిగతాది మీరు పెట్టుకుంటున్నారని రాయాలి. తను ఒక ఉత్తరం, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, అక్కడ ఉండటానికి తనకున్న అనుమతి రుజువు పంపాలి.

వీసా ఫీజులు, ఇన్సూరెన్స్, చేతి ఖర్చులకు లక్షన్నర దాకా కావాలి. దీనికి 3 లక్షల ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒక శాతం ఎక్కువ తీసుకుంటారు, మీ ఎఫ్‌డీ వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. లక్షన్నరను నాలుగు నెలలు వాడితే నికరంగా పడే భారం 500 రూపాయలు. అదే 5 లక్షల ఎఫ్‌డీని రెండేళ్ల తర్వాత మధ్యలో తీస్తే, ఒక శాతం పెనాల్టీ అన్నా పదివేలు పోతాయి.

ఈ 3 లక్షల్లో ఒక్క పైసా తగ్గించకూడని ఖర్చు ఇన్సూరెన్స్. అమ్మాయి ఆసుపత్రిలోనే పనిచేస్తోంది కదా అని ధీమాగా ఉండకండి. విజిటర్లకు ఎమర్జెన్సీ విభాగంలో చూడటం వరకు ఉచితం. వార్డులో చేర్చుకున్న దగ్గర్నుంచి బిల్లు మొదలవుతుంది, అదీ వాళ్ల సొంత లెక్కకు ఒకటిన్నర రెట్లు. స్టాఫ్ తల్లిదండ్రులని వదిలేయరు. మీ ఇద్దరికీ బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు ఏమున్నా ఫారంలో దాచకుండా రాసి, వాటికీ వర్తించే పాలసీ తీసుకోండి. రెండు మూడు వేలు ఎక్కువైనా సరే. రెండు వారాలకు సరిపడా మందులు, డాక్టరు చీటీ చేతి సంచిలో పెట్టుకోండి.

తిండికి ఇద్దరికీ రోజుకు 25 పౌండ్లు అనుకుంటే 14 రోజులకు 42 వేలు. హోటల్ టిఫిన్ గది రేటులో కలిసి లేకపోతే రోజూ తీసుకోకండి. పక్కనే సూపర్‌మార్కెట్‌లో పాలు, బ్రెడ్, పళ్లు దొరుకుతాయి. గదిలో నీళ్లు కాచుకునే కెటిల్ ఉంటుంది, ఫ్రిజ్ సాధారణంగా ఉండదు. రైస్ కుక్కర్ మాత్రం మోసుకెళ్లొద్దు, గదిలో వంట చేయనివ్వరు, పొగ అలారం మోగితే హోటలంతా బయటికి రావాల్సి వస్తుంది. అన్నం కూరా అమ్మాయి ఇంట్లో వండుకుని తినండి. పచ్చళ్లు, పొడులు ప్యాక్ చేయించి తీసుకెళ్లండి. నెయ్యి, కోవా వద్దు, మన దేశం నుంచి పాల పదార్థాలు వాళ్లు రానివ్వరు.

లండన్ చూడాలంటే ‘టూ టుగెదర్’ రైల్‌కార్డు కొనండి. ధర 35 పౌండ్లు. మీ దంపతులిద్దరూ కలిసి ఎక్కినప్పుడు టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది, వారపు రోజుల్లో ఉదయం తొమ్మిదిన్నర దాటాక. అమ్మాయికి అది వర్తించదు, తన టికెట్ తను విడిగా తీసుకోవాలి. ఎక్కడైనా మీ కార్డు గీకినప్పుడు మెషీన్ ‘రూపాయల్లోనా, పౌండ్లలోనా’ అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లకు నచ్చిన రేటు వేస్తారు.

పొద్దున్నే హీత్రూలో దిగితే ఫారింగ్డన్‌లో రైలు మారి మధ్యాహ్నానికల్లా బెడ్‌ఫర్డ్ చేరిపోతారు. గది తాళం మాత్రం మధ్యాహ్నం రెండు, మూడు దాటాక గానీ ఇవ్వరు, ముందే కావాలంటే అదనంగా అడుగుతారు. అది కట్టకండి. పెట్టెలు రిసెప్షన్‌లో ఉంచుతారేమో అడిగి, అమ్మాయి ఇంటికి భోజనానికి వెళ్లిపోండి.