జబ్బు పడ్డ పిల్లల కుటుంబాల కోసం చారిటీ వాళ్లు పెట్టే సెలవుల పార్టీకి వెళ్లాలా, వద్దా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆరేళ్ల బాబుకి లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, కీమో నడుస్తోంది. ఇలాంటి పిల్లలున్న కుటుంబాల కోసం సెలవుల్లో ఒక చారిటీ సంస్థ పార్టీ పెడుతూ మిమ్మల్నీ పిలిచింది. ఇన్ఫెక్షన్ వస్తుందేమోనని ఒక భయం, అందరూ జాలిగా చూస్తారేమోనని ఇంకో భయం. వెళ్తే మాత్రం తొమ్మిదేళ్ల పెద్దపాపని అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్దామనుకుంటున్నారు.

ఆ చివరి మాట చదివాకే జవాబు రాయాలనిపించింది.

మా చిన్నదానికీ అదే జబ్బు. ట్రీట్‌మెంట్ రెండేళ్ల పైనే సాగింది. ఆ మధ్యలో ఇలాంటి పార్టీలకి రెండుసార్లు వెళ్లాం, రెండూ వేర్వేరు సంస్థలవి. మొదటిసారి కారెక్కగానే ఏడ్చాను. రెండోదాని గురించి ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

ముందు ఇన్ఫెక్షన్ సంగతి. వెళ్లొచ్చో లేదో చెప్పాల్సింది మీ డాక్టరే, నేను కాదు. కాకపోతే అడిగేటప్పుడు పార్టీ తేదీ చెప్పి అడగండి. చాలా కీమో మందులకి డోసు ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, బాగా పడిపోతాయి. ఏఎన్‌సీ, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాల లెక్క, 500 కన్నా కిందకి వెళ్తే రిస్క్ చాలా ఎక్కువ. మేం ముందురోజు బ్లడ్ టెస్ట్ చేయించి, రిపోర్ట్ డాక్టర్‌కి చూపించి, ఆయన సరేనన్నాకే బయల్దేరాం. అందుకే పాపకి ఆ రోజు పొద్దున వరకూ పార్టీ మాటే చెప్పలేదు. ముందే చెప్పి చివర్లో వెళ్లడం లేదంటే, ఆ ఏడుపు ఎవరు ఆపగలరు?

చాలామందికి తట్టనిది ఆటలమ్మ. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది ఇంకొకళ్లకి అంటుతుంది. అంటే ఆ రోజు గంతులేసిన ఏ పిల్ల ద్వారానైనా వచ్చి ఉండొచ్చు, ఎవరి తప్పూ ఉండదు. అందుకని వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు నిర్వాహకుల దగ్గర ఉంటాయా, తర్వాత ఎవరికైనా ఆటలమ్మ బయటపడితే అందరికీ ఫోన్ చేస్తారా అని అడగండి. అలాంటి కబురు వస్తే అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. కాపాడే మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఇక జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్, దాటితే పార్టీ అయినా ఇంకేదైనా వదిలేసి నేరుగా ఆసుపత్రికే అని మీకు ఈపాటికి చెప్పే ఉంటారు.

ఇప్పుడు జాలి సంగతి. మొదటి పార్టీలో స్టేజీ ఉంది, మైకు ఉంది. ఒక్కో పిల్లనీ పేరుపెట్టి పైకి పిలిచి, జబ్బు పేరు కూడా చదివి, "ఈ చిన్నారి యోధురాలికి చప్పట్లు" అన్నారు. మాది స్టెరాయిడ్ వారం. ఆ మందు మీద ఉన్నప్పుడు మా పిల్ల మా పిల్లలా ఉండేది కాదు. ముఖం ఉబ్బిపోయి, ఊరికే ఆకలి, ఊరికే కోపం. టోపీని కళ్ల మీదకి లాక్కుని నా కాళ్ల వెనక దాక్కుంది. ఎవరో నవ్వుతూ ఆ టోపీ పైకెత్తి ఫోటో తీశారు. చెడ్డవాళ్లేం కాదు, మంచి చేస్తున్నామనే అనుకున్నారు. అదే నాకు ఎక్కువ బాధ.

రెండోసారి రమ్మన్నప్పుడు ముందే ఫోన్ చేసి గట్టిగా అడిగాను. స్టేజీ మీదకి పిలుస్తారా? ఫోటో వద్దంటే ఆ మాట ఎలా గుర్తుపెట్టుకుంటారు? పిల్ల అలిసిపోతే కాసేపు పడుకోబెట్టడానికి విడిగా గది ఉందా? వేషం కట్టినవాళ్లు పిల్లల మీదకి వచ్చేస్తారా, పిల్లలే దగ్గరికి వెళ్లేదాకా ఆగుతారా? ఫోన్ తీసినామె ఒక్కదానికీ విసుక్కోలేదు. ఫోటో వద్దన్నవాళ్ల చొక్కాకి ఒక స్టిక్కర్ అంటిస్తామంది. మామూలు రబ్బరు బెలూన్లు వాడబోమని ఆమే చెప్పింది. స్పైనా బిఫిడాతో, అంటే వెన్నెముక సరిగ్గా మూసుకోని లోపంతో, పుట్టి చాలా ఆపరేషన్లు అయిన పిల్లల్లో లేటెక్స్ అలర్జీ, అంటే ఆ రబ్బరు పడకపోవడం, ఎక్కువగా ఉంటుందట. మూర్ఛ ఉన్న పిల్లల కోసం గబగబా వెలిగి ఆరే లైట్లు కూడా పెట్టలేదు. ఆ రెండు మాటలతో నా టెన్షన్ సగం తగ్గింది.

కానీ ఆ రోజు అసలు పండగ మా పెద్దాడిది. అప్పుడు వాడికి పదేళ్లు. అంతకుముందు చాలా నెలలుగా ఎవరు కనిపించినా వాణ్ణి అడిగేది ఒకటే, "చెల్లికి ఎలా ఉంది?" అక్కడ ఒక వాలంటీర్ అబ్బాయి వాడి పేరడిగి, నీకే ఆట ఇష్టం అన్నాడు. చెల్లి ఊసే ఎత్తలేదు. కాసేపటికి వాడు ఇంకో కుర్రాడితో గోడవారన కూర్చుని ఉన్నాడు. "మా చెల్లికి పోర్ట్ ఇక్కడ," అని ఛాతీ చూపిస్తున్నాడు. పోర్ట్ అంటే మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టేది. ఆ కుర్రాడు, "మా అక్కకి ట్యూబు చేతిలో, స్నానం చేసేటప్పుడు కవర్ చుట్టాలి," అంటున్నాడు. అంత మామూలుగా. ఇంట్లో వాడు పోర్ట్ అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. వాడికి తెలుసని కూడా నాకు తెలీదు.

నా పక్కన కూర్చున్నావిడ కూడా ధైర్యంగా ఉండమని చెప్పలేదు. మాత్ర మింగించడానికి మీరేం తంటాలు పడుతున్నారు అంది. గంటసేపు అదే మాట్లాడుకున్నాం. మా ఆయన మాత్రం మిగతా నాన్నల్లాగే ఫోన్ చూస్తూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. నాన్నల కోసం కూడా ఎవరైనా ఏదైనా ఆలోచిస్తే బాగుండు.

ఒకటి దాచకుండా చెప్పాలి. మీ బాబు కన్నా జబ్బు ముదిరిన పిల్లలు అక్కడ కనిపిస్తారు. నేను ఒక పాపని చూసి బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని కొంతసేపు నిలబడిపోయాను. ఆ రోజు మీ మనసు అందుకు సిద్ధంగా లేకపోతే మానేయండి, ఎవరూ తప్పుపట్టరు. వెళ్తే మాత్రం చివరిదాకా ఉండాలని పెట్టుకోకండి. బాబు అలిసిపోకముందే, నలభై నిమిషాలైనా సరే, లేచి వచ్చేయండి.

పెద్దపాపని మాత్రం అమ్మమ్మ దగ్గర వదలకండి. ఎవరెవరు వస్తున్నారని వాళ్లు ఒక ఫారం పంపుతారు. మొదటిసారి నేను అందులో చిన్నదాని పేరు, దాని కింద "ఇతరులు: 3" అని రాశాను. మీరు పెద్దపాప పేరు కూడా రాయండి, దానికి ఏమిష్టమో కూడా.