అడగండి చెబుతా: శ్రీకాకుళంలో సాయంత్రం ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న: బదిలీ మీద శ్రీకాకుళం వచ్చి ఎనిమిది నెలలైంది. సెలవు రోజున కాస్త గాలి, కాస్త మంచి దృశ్యం ఉన్న చోటు చెప్పమంటే ఆఫీసులో అందరూ అరసవల్లి, కళింగపట్నం బీచ్ అంటారు, లేదంటే వైజాగ్ బస్సెక్కమంటారు. అన్నీ చూసేశాం. జనం తక్కువగా ఉండి, టిక్కెట్టు లేకుండా, స్కూటీ మీద వెళ్ళొచ్చే చోట్లు ఇక్కడ లేవా? ఉంటే వాటిని పట్టుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉన్నాయండీ. మీరు కొండ కోసం చూస్తున్నట్టున్నారు, ఈ ఊరికి ఉన్నది ఏరు. మీ ఆఫీసు వాళ్ళని తప్పుపట్టను, రోజూ నాగావళి బ్రిడ్జి మీద బండి తోలుకుంటూ పోయేవాళ్ళెవరూ ఏటివైపు తల తిప్పరు, నేనూ చాలా ఏళ్ళు అలాగే పోయాను.

అరసవల్లిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు మార్చిలో కొద్దిరోజులు, అక్టోబరు మొదట్లో కొద్దిరోజులు మాత్రమే పడతాయని వినే ఉంటారు. ఏడాదంతా ఎందుకు పడవంటే పొద్దు రోజూ ఒకేచోట పొడవదు, ఒకేచోట కుంగదు. మన దగ్గర డిసెంబరులో సరిగ్గా పడమరకి ఇంచుమించు 25 డిగ్రీలు దక్షిణంగా కుంగుతుంది, జూన్‌లో దాదాపు అంతే ఉత్తరంగా. కాబట్టి చలికాలంలో బ్రిడ్జి మీద నిలబడి ఏముంది ఇక్కడ అనుకున్న మనిషే ఎండాకాలంలో వస్తే పొద్దు ఏరు వచ్చే వైపుకి జరిగి ఉంటుంది, నీళ్ళున్న చోటల్లా ఎర్రగా మెరుస్తుంది. వేళ కూడా చూసుకోండి, డిసెంబరులో ఐదుంబావు దాటాక ఎక్కువసేపు ఉండదు, జూన్‌లో ఆరున్నర దాకా తొందర లేదు. బండి మాత్రం బ్రిడ్జి మీద ఆపకండి, ఇవతలే పెట్టి నడిచి వెళ్ళండి.

ఇక వెతకడం అంటారా, ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఉపగ్రహ చిత్రం పెట్టుకుని, ఏటిదాకా వచ్చి ఆగిపోయే సందులు చూడండి. వాటిలో కొన్ని పాత రేవులకి పోతాయి. ప్రతి సందు చివరా అందం ఉండదు, ఒక్కోచోట చెత్తకుప్పే ఉంటుంది, ముందే చెబుతున్నా. అనుమానం ఉంటే పొద్దున్నే నడకకి వచ్చే పెద్దవాళ్ళని అడగండి, మ్యాప్‌లో లేనివి కూడా చెబుతారు. ఒక్క జాగ్రత్త: ఇసుకలోకి మరీ లోపలికి దిగొద్దు. నాగావళి పుట్టింది ఒడిశాలో, ఇక్కడ చినుకు పడకపోయినా రాయగడ వైపు గట్టిగా కురిస్తే ఏరు పెరిగిపోతుంది. వానాకాలంలో తోటపల్లి బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలారని వింటే ఆ రోజుకి గట్టు మీదే ఉండండి.

అదే ఏరు సముద్రంలో కలిసేది కల్లేపల్లి దగ్గర. బీచ్ అంటే అందరూ కళింగపట్నమే అంటారు గానీ నాకైతే ఇదే ఇష్టం, ఒకపక్క ఏరు, ఒకపక్క సముద్రం, ఉదయం పూట మరీ బాగుంటుంది. ఒకసారి హుషారుగా బండిని ఇసుకలోకి దించి, తోయడానికి మనిషి దొరికేదాకా గంటసేపు కూర్చున్నాను, మీరు ఆ పని చేయకండి. ఏరు కలిసే చోట ఈత జోలికి కూడా పోవద్దు, లోపలి లాగుడు పైకి కనబడదు.

కొండే కావాలంటే శాలిహుండం. ఊరికి 18 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది, కొండ ఎక్కడానికి టిక్కెట్టు లేదు. ఆ బౌద్ధ శిథిలాలను 1919లో మొదట గుర్తించింది గిడుగు రామమూర్తిగారు, వాడుక భాష కోసం పోరాడిన మన గిడుగువారే. పైకి వెళ్తే ఇటుక స్తూపాలు, కింద వంశధార, దాని ఇసుక తిన్నెలు. పొద్దున ఏడులోపు చేరుకోండి, తర్వాత ఎండ తట్టుకోలేరు. నీళ్ళు పట్టుకెళ్ళండి, ఫోటో కోసం స్తూపాల మీదకి ఎక్కకండి, అంత పాత ఇటుక మళ్ళీ దొరకదు.

ప్రశ్న: మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. ఊళ్ళోనే ఎక్కడైనా కూర్చోబెట్టగలమా?
– మరో పాఠకుడు

జవాబు: గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళండి. బలరాముడు నాగావళి వెంట ప్రతిష్ఠించాడని చెప్పే ఐదు శివాలయాల్లో అదొకటి, ఏటి ఒడ్డునే ఉంది. దర్శనం చేయించి ఒడ్డున నీడ చూసి కూర్చోబెట్టండి, అమ్మగారికి గుడీ అవుతుంది, గాలీ తగులుతుంది. కార్తీక సోమవారాలూ శివరాత్రీ మాత్రం వద్దు, అడుగు పెట్టడానికి చోటుండదు. మడత కుర్చీ ఒకటి బండిలో వేసుకెళ్తే నేల మీద కూర్చుని లేవలేక ఇబ్బంది పడే పని ఉండదు.